కీ.శే. సత్తియ్యగారి మనుమరాలి పెళ్ళి

రాజ్యంగారి పది వేళ్ళూ గృహప్రవేశం కార్డు కొడుతున్నాయి. నోరు టీ తెచ్చినవాణ్ణి తిడుతోంది. కళ్ళు వీధిలో అరటిగెలల వ్యాను డ్రైవరు ఎవరితోనో పడుతున్న గొడవ చూస్తున్నాయి. మూడు పనులూ ఒకేసారి జరిగిపోతున్నాయి. ఏ ఒక్కదానికీ రెండోదానితో సంబంధం లేదు.

"ఇది టీయా, గ్లాసు తొలిచిన నీళ్ళా? మీ ఓనరుకి చెప్పు, రేపట్నుంచి ఆ పొడి కూడా దండగ, ఉత్త వేణ్ణీళ్ళు పంపమను."

టీ వాడు నవ్వుకుంటూ పోయాడు. తెర మీద కార్డు పూర్తయింది. రాజ్యం దాన్ని చదవలేదు. తను కొట్టింది చదివి చాలా ఏళ్ళయింది.

సర్టిఫికెట్‌లో రాజ్యలక్ష్మి. అమలాపురంలో జగ్గారావు ప్రెస్సు మెట్లెక్కే ప్రతివాడికీ రాజ్యంగారు. యాభై ఆరేళ్ళ మనిషి, చెరుకుగడలా సన్నగా, నిటారుగా ఉంటుంది. కుర్చీకి వెనక ఆనుకునే బద్ద ఉందన్న సంగతి ఆవిడ వీపుకి తెలీదు. గాజులు చప్పుడు చేస్తాయని మోచేతి దాకా తోసి, జారకుండా రబ్బరు బ్యాండు వేస్తుంది. గోళ్ళు ఎప్పుడూ చిగురు దాకా కత్తిరించే ఉంటాయి. కళ్ళజోడు నెత్తి మీద ఉంటుంది. అది ముక్కు మీదికి దిగిందంటే ఎదుటివాణ్ణి చీదరించుకోవడానికే.

చీదరించుకోవడానికి మనుషులకి కొదవ లేదు. శుభలేఖలో బావమరిది పేరు పక్కన ఫెయిలైన డిగ్రీ కూడా వెయ్యమనేవాడు ఒకడు. దణ్ణం పెడుతున్న ఫొటోలో పొట్ట తగ్గించమనే కాబోయే ప్రెసిడెంటు ఒకడు. సొంత డబ్బుతో కవిత్వం అచ్చేయించుకుని, అది కొడుతుంటే పక్కన నిలబడి ఆవిడ కళ్ళలో నీళ్ళు వస్తాయేమోనని వంగి చూసే రిటైరుడు మేష్టారు ఇంకొకడు. వీళ్ళందరి రాతలూ ఆవిడ వేళ్ళ కింద నుంచి మురుగుకాలవలో నీళ్ళలా పోయాయి. ఒక్క చుక్క కూడా పైకి ఎగిరి మీద పడలేదు.

అందరికన్నా ఎక్కువ చీదర, కీబోర్డు చూసి కొట్టేవాళ్ళంటే.

కొత్తపేట టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాష్టారు మిషను మీద కాళ్ళున్న చెక్క పలక పెట్టేవాడు. చేతులు దాని కిందికి పోవాలి, కళ్ళకి కనపడకూడదు. తొంగి చూస్తే రూళ్ళకర్రతో మెడ మీద పడేది. "చేతుల్ని అన్నం తినేటప్పుడు చూసుకోండి" అనేవాడు. రాజ్యం లోయరు పాసైంది, హయ్యరు పాసైంది. సర్కారు ఉద్యోగం మాత్రం రాలేదు. జగ్గారావు పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తెలుగు అక్షరాలు టైపు మిషను వరసలోనే వచ్చే సాఫ్ట్‌వేరు వేయించాడు. ఆ రోజు నుంచి ఆవిడ చేతులకేసి చూడలేదు. చూద్దామన్నా అక్కడ ఏమీ లేదు. మీటల మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు అరిగిపోయి, కీబోర్డు గుండు గీయించుకున్న తలలా నున్నగా తయారైంది.

పక్కన జిరాక్సు మిషను దగ్గర అమ్ములు పనిచేస్తుంది. ఇద్దరు పిల్లల తల్లి. ఖాళీ దొరికితే రెండో కంప్యూటరు ముందు కూర్చుని ఒంటి వేలితో టిక్కు, టిక్కు మని ఏరుతుంటుంది. ఆ చప్పుడు వింటే రాజ్యానికి పంటి కింద ఇసక పడ్డట్టుండేది.

"ఏవండీ, 'ళ' ఎక్కడుంటదండీ?" అని మొన్న అడిగింది అమ్ములు.

రాజ్యం నోరు తెరిచింది. ఒళ్ళో కుడిచేతి వేళ్ళు గాల్లో కొంచెం కదిలాయి. ఏ వేలు కదిలిందో ఆవిడకే పట్టుబడలేదు. కళ్ళజోడు కిందికి దించింది.

"అడిగి నేర్చుకునే విద్య కాదిది" అంది.

అమ్ములు "ఆయ్" అని తల వంచుకుంది. ఆ సంగతి అక్కడితో పోయిందనుకుంది రాజ్యం.

ఇవాళ టీ గ్లాసు ఇంకా సగముండగానే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ముందు పెద్దిరాజు వచ్చాడు. సఖినేటిపల్లిలో రొయ్యల చెరువులున్నాయి ఆయనకి. కూతురు సత్యశ్రీ శుభలేఖలు మొన్ననే కట్టలు కట్టించి పట్టుకెళ్ళాడు. వెనకాల ఊతకర్ర పట్టుకుని ఓ ముసలాయన, తెల్లపంచె, బోసినోరు.

పెద్దిరాజు శుభలేఖ బల్ల మీద కొట్టాడు. "జగ్గారావుగారూ! ఇది చదవండి. పైకి చదవండి, అందరూ వినాల."

జగ్గారావు చదివాడు. "కీర్తిశేషులు సత్తియ్యగారి మనుమరాలు, శ్రీ పెద్దిరాజు దంపతుల..."

"ఆగండి అక్కడ. సత్తియ్యగారంటే మా నాన్న. ఇదిగో, ఇక్కడ నించున్నాడు!"

ముసలాయన చెయ్యెత్తి అందరికీ దణ్ణం పెట్టాడు. "ఆయ్, నేనేనండి. నన్ను చంపినావిణ్ణి ఓసారి చూద్దారని వచ్చేనండి."

"రాజోలు నుంచి మా మేనత్త ఏడుస్తా ఫోన్ చేసింది" అన్నాడు పెద్దిరాజు. "అన్నయ్య పోతే నాకు కబురు కూడా చెయ్యలేదేట్రా అని. నాన్న ఫోను పుచ్చుకుని 'నేనేనే' అంటే, దడుసుకుని పెట్టేసింది. వియ్యాలోరైతే ఏటి సూతకం ఉండగా పెళ్ళేంటని ముహూర్తం ఆపేస్తామంటున్నారు."

జగ్గారావు రాజ్యంకేసి చూశాడు. రాజ్యం కళ్ళజోడు దింపింది.

"ప్రూఫు మీకే ఇచ్చేం కదండీ. బాగుందని సంతకం పెట్టింది మీరే. మీ పేరు, మీ ఫొటో, బంగారు అంచు, ఇంతే చూసుకునుంటారు. కన్నతండ్రి బతికున్నాడో లేదో మీకే పట్టలేదు, నాకెలా తెలుస్తదండీ?"

ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. రాజ్యం వీపు ఇంకో అంగుళం నిటారైంది.

కానీ వెనక గదిలోంచి నాగసతీష్ వచ్చాడు. జగ్గారావు కొడుకు, ఫ్లెక్సీల మిషను చూసుకుంటాడు. చేతిలో పెద్దిరాజు రాసిచ్చిన కాగితం ఉంది. "ఇందులో శ్రీ సత్తియ్యగారు అనే ఉంది ఆంటీ."

ఆంటీ. ఆ మాట వల్లే ఆవిడ వాణ్ణి నాలుగేళ్ళుగా అసహ్యించుకుంటోంది.

"శుభలేఖలో తాత పేరొస్తే మీ చెయ్యి దానంతటదే కీ.శే. కొట్టేస్తంది. తాతలంతా పోయినోళ్ళే మీకు. పోయిన నెల్లో కూడా ఇలాగే ఒకటి నేను చూసి ఆపేను. నాన్నగారికి చెప్పలేదంతే."

అది అబద్ధం కాదు. ఆ రెండు అక్షరాలూ రెండు చుక్కలూ ఎప్పుడు పడతాయో రాజ్యం ఎరగదు. తుమ్మొస్తే ముక్కు దగ్గరికి చెయ్యెళ్ళినట్టు వెళ్తాయి.

"కార్డులన్నీ మా ఖర్చుతో మళ్ళీ వేస్తాం" అని పెద్దిరాజుకి చెప్పి, నాగసతీష్ ఆవిడ వైపు తిరిగాడు. "ఇప్పుడే, వీళ్ళ ఎదురుగా, చూసి కొట్టండి ఆంటీ. కళ్ళు మీటల మీద పెట్టి, ఒక్కో అక్షరం. తప్పు పడిందా, రేపట్నుంచి ఆ కుర్చీలో అమ్ములు కూర్చుంటది. ఫోనుకి చెప్తే అదే రాసేస్తన్న రోజుల్లో ఇంకా ఈ గుడ్డి కొట్టుడు నాకొద్దు."

జగ్గారావు గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. తిథి ఏదో చాలా ముఖ్యమైనట్టు చూస్తున్నాడు.

"చూద్దామంటే మీటల మీద ఏముంది?" అంది రాజ్యం.

"ఉంటుందండీ" అంది అమ్ములు. మెల్లగానే అంది.

స్టిక్కర్ల షీటు తెచ్చింది. రాజ్యాన్ని లేవమని, ఆ కుర్చీ అంచున కూర్చుంది. ఒక్కో మీటా నొక్కి తెర మీద ఏ అక్షరం పడిందో చూసి, దాన్ని స్కెచ్ పెన్నుతో స్టిక్కరు మీద రాసి, ఆ మీట మీద అంటించింది. నొక్కు, చూడు, రాయి, అంటించు. గ్లాసులో మిగిలిన టీ చల్లారేలోపు అంతా అయిపోయింది. రాజ్యం ఒక జీవితమంతా మోసిన విద్య, పిల్లల బొమ్మల పుస్తకంలా బల్ల మీద పరుచుకుని ఉంది.

రాజ్యం కూర్చుంది. గాజులు పైకి తోసింది. కిందికి చూసింది.

తన చేతుల్ని కీబోర్డు మీద చూడడం ఆవిడకి అదే మొదలు. ముసలివాళ్ళ చేతులు. మణికట్టు దగ్గర చర్మం సంచిలా వేలాడుతోంది. ఎవరివో అనిపించింది. 'శ్రీ' కొట్టాలి. కుడిచెయ్యి బయల్దేరింది. అది ఒక మీట మీదికి పోతుంటే, అక్కడ ఇంకేదో అక్షరం ఉన్నట్టు కనిపించి కళ్ళు ఆపేశాయి. వేలు గాల్లో నిలబడిపోయింది. ఎడంచెయ్యి సాయానికొచ్చి అదీ ఆగింది. రేవు దాటించే పంటు నది మధ్యలో ఉండగా ఇంజను ఆగిపోయినట్టు, పది వేళ్ళూ ఉన్నచోటే ఊగుతున్నాయి.

టిక్కు.

తప్పు. చెరిపింది. టిక్కు. మళ్ళీ తప్పు. తన చేతి కింద నుంచి వస్తున్న ఆ చప్పుడు ఆవిడకి తెలుసు. ఎన్నేళ్ళుగానో అసహ్యించుకుంటున్న చప్పుడే.

ఆవల జిరాక్సు మిషను బుర్రుమంటోంది.

సత్తియ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మా, చేతుల కేసి చూడకండమ్మా. నేనూ వల అల్లుతానండి. ముడి కేసి చూసేనంటే ముడి పడదండి. నా కేసి చూసి కొట్టండి. బతికున్నానా లేదా మీకే తెలుస్తది."

రాజ్యం తలెత్తి ఆయన కేసి చూసింది.

"మీ ఆయనున్నారాండి?" అడిగాడు ముసలాయన, ఊసుపోకకి.

సమాధానానికి ఒక్క క్షణం పట్టింది. సుబ్రహ్మణ్యేశ్వరరావు. అంబాజీపేటలో కొబ్బరి కొట్టు గుమస్తాగా చేసి మానేశాడు. ఇంట్లో కిటికీ పక్క మంచం మీద ఉంటాడు. ఇవాళ పొద్దున్న ఆయనకి ఇడ్లీ పెట్టిందా? గుర్తులేదు. చెయ్యి పెట్టే ఉంటుంది. ఆయన చొక్కా ఏ రంగు?

"ఉన్నారండి" అంది.

ఆ మాట అంటుండగానే వేళ్ళు కదిలాయి. ఎవరూ చెప్పకుండానే, ఎవరూ చూడకుండానే కదిలాయి. మొదట చిటపట, తర్వాత ఏకధార. అమలాపురంలో మరి ఎవరికీ చేతకాని వేగం. రాజ్యం ముసలాయన మొహం వంకే చూస్తోంది. ఆ కళ్ళలో తేమ, గడ్డం మీద తెల్లటి ముళ్ళు, ఊపిరికి కదిలే గొంతుముడి. బతికున్న మనిషి. అనుమానం లేదు. ఆవిడ మూతి కొనలో చిన్న గెలుపు మొలిచింది. నాగసతీష్ కేసి తిరగకుండానే వాణ్ణి మనసులోనే కాలికింద వేసి తొక్కేసింది.

చివరి మీట నొక్కి, ప్రింటు ఇచ్చింది. కాగితం బయటికొచ్చింది. పెద్దిరాజు అందుకున్నాడు. ఈసారి తన పేరు చూసుకోలేదు, పైనుంచి చదివాడు. మొదటి వరస దగ్గరే ఆగిపోయాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కాగితం మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఏటిరా?" అన్నాడు సత్తియ్య. ఆయనకి చదువు రాదు.

"మళ్ళీ పడింది నాన్నా."

ముసలాయన రాజ్యాన్ని చూశాడు. ఇప్పటిదాకా ఆయన మొహంలో ఉన్న సరదా ఎటో పోయింది. "నా కేసి చూస్తానే కొట్టేరు కదమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

రాజ్యం లేచింది. ఎవరూ లెమ్మనలేదు. అమ్ములు ఒక్క క్షణం ఆగి, ఆవిడ మొహంకేసి చూసి, ఆ వెచ్చటి కుర్చీలో కూర్చుంది. స్టిక్కర్లు చూసుకుంటూ మొదలుపెట్టింది. టిక్కు. తలెత్తి ముసలాయన్ని చూసింది. టిక్కు. "సత్తియ్యలో య కింద యావత్తు వస్తదాండి?" అని ఆయన్నే అడిగింది.

"నాకేం తెలుస్తదమ్మా! నువ్వే చూసి బాగా రాయి."

టిక్కు. టిక్కు. నత్తనడక. అయినా ప్రతి అక్షరం దగ్గరా ఒక మనిషి ఆగి, చూసి, ముందుకి పోతోంది.

రాజ్యం రబ్బరు బ్యాండు తీసింది. గాజులు గలగలమంటూ మణికట్టు మీద పడ్డాయి. ప్రెస్సులో ఎవరూ ఎప్పుడూ వినని చప్పుడు. జగ్గారావు ఉలిక్కిపడి క్యాలెండరు దగ్గర్నుంచి తిరిగాడు. ఆవిడ క్యారేజీ సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంటోంది.

"రేపు పెందలాడే వస్తారు కదాండీ?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కనక.

"ఆయ్" అంది రాజ్యం.

నోరు అలవాటుగా అంది. రాదని ఇద్దరికీ తెలుసు.

మెట్టు మీద ఆగి, ఒక్కసారి వెనక్కి చూసింది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది, కానీ ఇప్పుడు చీదరించుకోవడానికి ఎవరూ లేరు. వ్యాను ఎప్పుడో వెళ్ళిపోయింది. అరటాకు ముక్కలు రోడ్డు మీద తొక్కుడు పడుతున్నాయి. లోపల ముసలాయనా, కొడుకూ తెర మీదికి వంగి ఉన్నారు. 'శ్రీ' పడినట్టుంది, అమ్ములు నవ్వింది.

వాళ్ళ భుజాల సందులోంచి కీబోర్డు కనిపిస్తోంది. ప్రతి మీట మీదా తెల్ల స్టిక్కరు, స్టిక్కరు మీద అమ్ములు వంకర రాత. కింద పొడుగాటి స్పేస్ మీటకి మాత్రం ఏమీ అంటించలేదు. దాని కుడివైపు, ఆవిడ బొటనవేలు అరగదీసిన నున్నటి గుంట ఒకటి, ట్యూబులైటు వెలుతుర్లో మెరుస్తూ ఉంది.