పెగ్గీ కడుపుకోతకు ముహూర్తం పెట్టిందెవరు?

బుల్‌డాగ్ పెంపకందార్లారా, పెగ్గీ కూనల్ని చంపింది మీ తొందరే!

శనివారం ఒహాయోలో మన క్లబ్బు కుక్కల పోటీ. దానికి అడ్డు రాకూడదని నా మరిది వెర్లిన్ గురువారమే తన కుక్క పెగ్గీకి కడుపు కోసి కూనల్ని తీసే ఆపరేషన్ పెట్టించాడు. దానికింకా నొప్పులే మొదలవలేదు.

"రోజులు నిండాయో లేదో రక్తపరీక్ష చేయించావా?" అని అడిగాను.

"ప్రతిసారీ ఎందుకు వదినా? జత కట్టించిన రోజు నుంచి లెక్క సరిపోయింది. నువ్వేమన్నా డాక్టరమ్మవా?"

"కాదురా. పుట్టిన కూనల్ని ఊపిరందేలా తువ్వాలుతో రుద్ది ఏడిపించేది మాత్రం నేనే!"

బుల్‌డాగ్ కూనలకు తలలు పెద్దవి, కోత తప్పదు. దాన్ని నేను కాదనను. కానీ ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగకముందే బయటికి లాగేశారు. ఎంత రుద్దినా మూడు కూనలు ఏడవలేదు. ఒక్కటే కుయ్యిమంది.

"మత్తు ఎక్కువైందేమో," అని గొణిగాడు వెర్లిన్.

"మత్తు కాదు, రోజులు నిండలేదు!"

ఆ ఒక్కదాన్నీ తువ్వాలులో చుట్టి ఈ సమావేశానికి తెచ్చాను. ఇంకా ఎగశ్వాసతోనే ఉంది, చూడండి. ఇది బతికినా చచ్చినా ఇవాళే నియమం రాయండి: నొప్పులన్నా రావాలి, రక్తపరీక్షన్నా సరేననాలి. అంతకుముందే కోయించినవాడి కుక్క మన పోటీలో అడుగు పెట్టకూడదు. ఎత్తండి చేతులు! వెర్లిన్, ముందు నువ్వెత్తు!