తెలుగు రాని కుక్క

రైల్వే దొర సీమకు వెళ్ళిపోతూ శౌరయ్యకు రెండు తోలు పట్టీలు, ఒక ఈల ఇచ్చిపోయాడు. పన్నెండేళ్ళు ఆ దొర బంగళాలో కుక్కల్ని సాకినవాడికి వేరే పనేం వస్తుంది? పటమటలో ఒక మామిడితోట మూల పాక వేసుకుని, కుక్కలకు మాట నేర్పబడునని బోర్డు కట్టాడు. బెజవాడ నవ్వింది. కుక్కకు చదువేమిటని వన్ టౌన్ బట్టల కొట్లలో వారం రోజులు అదే కబురు.

నవ్వినవాళ్ళే తరవాత ఒక్కొక్కరూ వచ్చారు. వచ్చినవాళ్ళు ఎలాంటివాళ్ళో శౌరయ్య వాళ్ళ మొదటి మాటతోనే తేల్చేసేవాడు. "కరుస్తుందా?" అన్నవాడు గోడౌను ఆసామి, కుక్కను గొలుసుకు కట్టి మరిచిపోతాడు. "ఏం తింటుంది?" అన్నవాడు మళ్ళీ కనబడడు. "ఇంగ్లీషు వస్తుందా?" అన్నవాడే అసలు బేరం. దొరలు పోయాక దొరతనం ఖాళీగా పడి ఉంది. ఎక్కి కూర్చోవడానికి మనవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఇంగ్లీషు వినే కుక్క పక్కన నడిస్తే సగం పని అయిపోయినట్టే. ఈ లెక్క మీద శౌరయ్యకు ఎంత గురి అంటే, ఒకరోజు భార్య మార్త కూడు వడ్డిస్తూ, "ఆ కుక్కలకి ఇళ్ళల్లో అన్నం పెట్టేదెవరో అడిగావా?" అంటే, "అది మనకెందుకే" అని కసిరాడు.

ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన పని ఉండేది కాదు.

పామర్రు నుంచి వెంకటకృష్ణారావు గారు కారులో వచ్చారు. బియ్యం మిల్లు ఆసామి. మండు వేసవిలో కూడా కోటు విప్పని మనిషి. వెనక సీట్లో ఆయన భార్య రామతులసి, ఆవిడ ఒళ్ళో తువ్వాలులో చుట్టిన ఆల్సేషియన్ పిల్ల.

"ఏమోయ్ శౌరయ్యా, దీనికి ఇంగ్లీషు వస్తుందా?"

శౌరయ్యకు ప్రాణం లేచివచ్చింది. "ఆరు నెలలు నా దగ్గర వదిలెయ్యండి. దొరగారి కుక్కలాగా వింటదండి."

రామతులసి మెల్లగా అంది, "మన మాటల్లో నేర్పకూడదా? ఆయన వారంలో నాలుగు రోజులు బెజవాడలోనే ఉంటారు. ఇంట్లో ఉండేది నేనూ, ఇదీ."

ఆయన పకపకా నవ్వారు. బేరం ఎక్కడ పోతుందోనని శౌరయ్య కూడా నవ్వాడు. నవ్వి ఊరుకున్నా బాగుండేది. "తెలుగు చెవిన పడితే చెడిపోద్దండి అమ్మగారూ. ఈ మాటలు ఆడోళ్ళకి నోరు తిరగవు. తవరు అన్నం పెట్టండి చాలు, పలకరించకండి" అన్నాడు. ఆవిడ కుక్కపిల్ల మీద తువ్వాలు సర్దింది.

దానికి ప్రిన్స్ అని పేరు పెట్టారు. ప్రతి ఆదివారం వెంకటకృష్ణారావు గారు వచ్చేవారు. నెల తిరిగేసరికి కుక్కకు అన్నీ వచ్చాయి, ఆయనకే రాలేదు. కదలకుండా ఆగమనడానికి "స్టే" అనాలి. ఆయన నోట్లో అది "ఇస్టే" అయ్యేది.

"స్టే అండి."

"అదేగా నేనంటున్నదీ, ఇస్టే!"

పెద్దమనిషిని ఎన్నిసార్లని దిద్దుతాడు? చివరికి కుక్కనే దిద్దాడు. మూడు ఆదివారాల్లో ప్రిన్స్ "ఇస్టే"కు కూడా గుంజలా నిలబడడం నేర్చుకుంది. ఇస్టేకు ఆగిన కుక్క "ఆగు" అంటే ఆగదా? ఆ సంగతి శౌరయ్యకు అప్పుడు తట్టలేదు. తట్టినా చెప్పేవాడు కాదు. అంత మంచి బేరాన్ని ఎవడు చెడగొట్టుకుంటాడు?

ఉగాదికి ప్రిన్స్ పామర్రు చేరింది. శ్రావణమాసంలో మిల్లు డ్రైవరు పుల్లయ్య వచ్చి కబురు చెప్పాడు. పొద్దున గేటు తీసి ఉందట. మేకలమంద పోతుంటే ప్రిన్స్ వాటి వెంట బందరు రోడ్డు మీదికి ఉరికిందట. అటునుంచి బస్సు వస్తోంది. రామతులసి గేటు దాకా పరుగెత్తి, "ఆగు నాయనా, ఆగు! వెనక్కి రా!" అని అరిచింది. అది ఒక్కసారి తిరిగి చూసింది. ఆ గొంతు ఇంకెవరినో పిలుస్తోందనుకుంది కాబోలు, మళ్ళీ మేకల వెంటపడింది. బస్సువాడు బ్రేకు వేశాడు గాని అప్పటికే అయిపోయింది.

మర్నాడు శౌరయ్య పామర్రు వెళ్ళి గేటు బయట నిలబడ్డాడు. అయ్యగారు బెజవాడలో ఉన్నారు. రామతులసి వసారాలోకి వచ్చింది. కడిగిన సత్తు పళ్ళెం ఒకటి అరుగు మీద బోర్లించి ఉంది.

"తప్పు నాదేనండి అమ్మగారూ." దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చిన మాట అది.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని శౌరయ్య అనుకున్నాడు.

"నాలుగు నెలలు అన్నం పెట్టాను శౌరయ్యా. చెడిపోతుందన్నావని పేరు పెట్టి కూడా పిలవలేదు. పళ్ళెం కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అది నా మొహంలోకి చూసేది, ఏమన్నా అంటానేమోనని."

శౌరయ్య పన్నెండేళ్ళు కుక్కల్ని సాకినవాడు. అన్నం పెట్టే మనిషిని కుక్క ఎలా చూస్తుందో తనకు ఒకరు చెప్పాలా?

"దాన్ని ఆపడానికి ఆయన ఏదో అనేవారు. నిన్న నోటికి రాలేదు. అసలు మాట ఏమిటది?"

"స్టే అండి."

"స్టే" అంది రామతులసి. ముందు ఇకారం లేదు. దొర ఎలా అనేవాడో అలా, మొదటిసారికే వచ్చేసింది.

ఆవిడ రోడ్డు వైపు చూసింది.

"ఇంతేనా శౌరయ్యా?" అంది.