కొట్లో మోగే గొంతు

"అమ్మాయ్, గొంతు తగ్గించు. కొట్లోకి వినిపిస్తోంది," అన్నారు మా అత్తగారు మాణిక్యాంబగారు.

నేనేం కచేరీ చెయ్యడం లేదు. మినప్పప్పు పొట్టు కడుగుతూ కూనిరాగం తీస్తున్నానంతే. పైగా ఆవిడ ఆ మాట అంటున్నప్పుడే కొట్లో పెద్ద స్పీకర్లలోంచి నా గొంతే మెయిన్ రోడ్డు దద్దరిల్లేలా మోగుతోంది. "రేవులోకి లాంచీ వస్తే, రేపు నేనూ వస్తాగా..." అత్తగారు తమలపాకుకి సున్నం రాసుకుంటూ తలాడించారు. "ఎంత తియ్యటి గొంతే ఆ పిల్లది. కన్నతల్లి ఏం నోము నోచుకుందో," అన్నారు. నేను తలొంచుకుని పప్పు కడుక్కున్నాను.

రాజమండ్రిలో మాది కొట్టు వెనక ఇల్లు. ముందు మా ఆయన రేడియోలు, టేపురికార్డర్లు అమ్మే కొట్టు, మధ్యలో పచ్చ కర్టెను, వెనక మేము. మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో ఇదొక పద్ధతి. ముందు బేరం జరుగుతుంటే లోపలి ఆడవాళ్ళ గొంతు బయటికి రాకూడదు. పాలు పొంగిపోతున్నా సైగలే. కాపురానికొచ్చిన కొత్తల్లో కాలి మీద గిన్నె పడి "అమ్మా" అన్నానని ఆయన రోజంతా ముఖం మాడ్చుకు తిరిగారు. కాలు ఎలా ఉందని మాత్రం అడగలేదు.

ఆ పాట నేను కట్టిందే. మా పుట్టిల్లు పోలవరం దగ్గర, ఏటి ఒడ్డున. లాంచీ కూత వినపడితే చాలు, చిన్నప్పుడు రేవుకి పరిగెత్తేదాన్ని. పెళ్ళయ్యాక ఆ రేవు మీద బెంగతో, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఒక్కో మాటే కూర్చుకున్నాను. ఒక ఆదివారం కొట్టుకి సెలవు. ఆయన కొత్త టేపురికార్డరు ఒకటి పట్టుకొచ్చి, "ఏమోయ్, ఏదైనా పాడు, మైకు ఎలా పనిచేస్తోందో చూద్దాం," అన్నారు. పాడాను. తిప్పి తిప్పి విన్నారు. విని నా వంక చూశారు. కాపురానికొచ్చాక ఆయన నన్ను అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. అక్కడే పడిపోయాను నేను.

అత్తగారికి తిరుపతి మొక్కు అని చెప్పి మద్రాసు తీసుకెళ్ళారు. అక్కడ క్యాసెట్ల కంపెనీ వాళ్ళ స్టూడియోలో నన్నొక అద్దాల గదిలో నిలబెట్టారు. "దీన్ని ట్రాక్ అంటారు. నువ్వు పాడింది విని, నేర్చుకుని, తర్వాత పేరున్న గాయని ఎవరో పాడతారు. అప్పుడు నీది చెరిపేస్తారు," అని చెప్పారు ఆయన. చెరిపేసేదానికి భయమెందుకు? బిడియం, బెదురు అన్నీ మరిచిపోయి పాడాను. అంత హాయిగా నా జన్మలో ఎప్పుడూ పాడలేదు. రికార్డు చేసే వీరబ్రహ్మంగారు అద్దం అవతలనుంచి రెండు చేతులూ జోడించారు. బయటికి రాగానే మా ఆయన నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి సాంబారు ఇడ్లీ తెప్పించి ఇచ్చారు. "నువ్వు తిను, నేను లోపల మాట్లాడొస్తాను," అన్నారు. నా మీద ఎంత ప్రేమో అనుకుంటూ తిన్నాను.

క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద కాకినాడలో డాన్సులు చేసే మీనాకుమారి బొమ్మ. గానం మీనాకుమారి, రచన, సంగీతం జోగేశ్వరరావు. జోగేశ్వరరావంటే మా ఆయనే. లోపల ఉన్న గొంతు మాత్రం నాది. చెరపలేదు.

"ఏంటండీ ఇది? ఇది నా గొంతు కదండీ."

"నీదే. కాదన్నదెవరు? నీకు తెలుసు, నాకు తెలుసు. చాలదూ?"

"మరి ఆ పేర్లు?"

"కంపెనీ వాళ్ళ ఇష్టం. మన చేతుల్లో ఏముంది? అయినా మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏంటి? అన్నం పెట్టు."

పెట్టాను. కంపెనీ వాళ్ళని మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాను. ఆయన మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు. పాపం, సంగీతంలో పేరు ఎలా పడిందో అని ఆయనే నొచ్చుకుంటున్నారేమో అని కూడా అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

పాట గోదావరి జిల్లాలన్నీ చుట్టేసింది. జంగారెడ్డిగూడెం బస్సుల్లో అదే, పెళ్ళిపందిళ్ళలో అదే. ఎక్కువ అమ్ముడుపోయే క్యాసెట్లకి ఒక సినిమా పత్రిక వారం వారం వరస వేసేది. అందులో మా పాట మొదటి స్థానం ఎక్కి కూర్చుని దిగనంది. ఆయన ఆ కాగితాలు కత్తిరించి కొట్లో అద్దానికి అంటించారు. పాటకి వీడియో కూడా తీద్దామన్నారు కంపెనీ వాళ్ళు. ఎనభై అయిదులో అదింకా కొత్త వింత. పట్టిసీమ దగ్గర లాంచీ మీద తీశారు. ఆయన నన్ను కూడా రమ్మన్నారు. ఎందుకనుకున్నారు? వచ్చినవాళ్ళందరికీ పులిహోర కలపడానికి, మీనాకుమారికి పెదాలు ఎప్పుడు కదపాలో చెప్పడానికి.

ఆ పిల్ల మంచిది. "అక్కా, ఎక్కడ ఊపిరి తీసుకుంటావో చూపించవా," అని నా పక్కనే కూర్చుని నేర్చుకుంది. నేను లాంచీ ఎక్కి ఎన్నేళ్ళయిందో. ఆ రోజు ఎక్కానన్న మాటేగాని, ఇంజను పక్కన విస్తళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. టేపు వెయ్యడానికి మద్రాసునుంచి వచ్చిన వీరబ్రహ్మంగారు తన విస్తరి తానే పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"మీరు ఒప్పుకుని ఉంటే ఎంత బావుండేదమ్మా," అన్నారు.

"దేనికండీ?"

"పేరు వెయ్యడానికి. మా యజమాని మీ పేరే వేద్దామన్నారు, ఫోటో కూడా అడిగారు. మీవారే, మా ఆవిడకి అస్సలు ఇష్టం లేదండీ, పేరు బయటికొస్తే నూతిలో దూకుతానంటోంది అన్నారు. నేను స్వయంగా అడుగుదామని లేచాను. బయట మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నారు, కదిలించకండి అన్నారు."

ఆ మెట్ల మీద నేను ఇడ్లీ తింటున్నాను. తుడుస్తున్న విస్తరి పక్కన పెట్టేశాను. పేరు పోయినందుక్కాదు. నా ఏడుపు కూడా ఆయనే ఏడ్చేసి వచ్చారు. నా నోటితో నేను అనని మాటలు, నా కాళ్ళతో నేను వెళ్ళని నుయ్యి, అన్నీ ఆయనే తయారుచేసి అక్కడ అప్పజెప్పి, వచ్చి నా పక్కన కూర్చుని సాంబారు చాలిందా అని అడిగారు. నేను తిట్టుకున్న కంపెనీ వాళ్ళు నా పేరు అడిగారు. నేను వెనకేసుకొచ్చిన మనిషి వద్దన్నారు.

ఇంటికొచ్చాక అడిగాను. కేకలు వెయ్యలేదు, కర్టెను అవతల బేరం నడుస్తోంది.

"నూతిలో దూకుతానని నేనెప్పుడన్నానండీ?"

ఆయన తడబడలేదు. "మరేమనమంటావ్? మా ఇంటి కోడలు పాటలు పాడే మనిషని ఊరంతా అనుకోవాలా? నీ మంచికే చేశాను," అని, ఆ నోటితోనే, "వచ్చే శనివారం పాటకి సన్మానసభ పెట్టాం. ఆర్కెస్ట్రా వస్తోంది. క్యాసెట్టు వేస్తే జనం పసిగట్టేస్తారు. నువ్వు తెర వెనక నుంచుని పాడేస్తే చాలు, ఆ పిల్ల ముందు పెదాలు కదుపుతూ ఆడుతుంది," అన్నారు.

"సరేనండి," అన్నాను. అత్తగారు కూడా సభకి బయల్దేరారు, ఆ తియ్యటి గొంతు పిల్లని దగ్గర్నుంచి చూడాలని.

శనివారం హాలు కిటకిటలాడిపోతోంది. తెర సందులోంచి చూశాను. ముందు వరసలో ఆయన, మెడలో అప్పుడే దండ. పక్కన అత్తగారు. మీనాకుమారి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, జనం నన్నే పాడమంటే నేనేం చెయ్యనక్కా," అంది. "నువ్వు హాయిగా ఆడు. ఆట నీదే, దాన్ని నీ దగ్గర్నుంచి ఎవరూ తీసుకోరు," అన్నాను. దాని భుజం మీద పమిట సర్దాను.

మైకుసెట్టు అతను నా ముందు మైకు బిగించి అవతలికి వెళ్ళి కేకేశాడు. "అమ్మా, ఏదో ఒకటి మాట్లాడండి. సౌండు చూసుకుంటాను. మీ పేరు చెప్పినా చాలు."

నాకు భయం వేసింది. ఇంటికి తిరిగి వెళ్ళాక ఏమవుతుందో నాకు తెలియదు. అసలు లోపలికి రానిస్తారో లేదో కూడా తెలియదు. గొంతు సవరించుకుంటే హాలంతా ఆ చప్పుడే వినపడింది. ముందు వరసలో ఆయన తలెత్తారు.

"నా పేరు సత్యలక్ష్మి," అన్నాను. "ఈ పాట కట్టింది నేను, పాడింది నేను. నన్నెవరూ అడగలేదు గనక ఇప్పుడు చెబుతున్నాను. నా పేరు వెయ్యడం నాకు ఇష్టమే."