సన్యాసమ్మ అడిగిన ప్రశ్న

నేను ఒక కన్నును. గుమ్మడికాయంత కన్నును. కాకినాడలో ఒక బొమ్మల పనివాడు నన్ను ప్లాస్టర్‌తో పోతపోసి, నల్లగుడ్డు, కటకం, వెనకాల ఎర్రటి తెర దేనికది ఊడదీసి చూపించేలా అమర్చాడు. ఒక విజ్ఞాన ప్రదర్శన వ్యాను వాళ్ళు నన్ను కొనుక్కున్నారు. అప్పట్నుంచి ఊళ్ళు తిరగడమే నా పని.

నన్ను చేతపట్టుకుని మాట్లాడేవాడు చిరంజీవిరావు. ఉల్లిపాయ కోస్తే నీళ్ళెందుకొస్తాయి, పిల్లి కళ్ళెందుకు మెరుస్తాయి అని జనం అడిగేవారు. ఆయన నవ్విస్తూ చెప్పేవాడు. చప్పట్లంటే ఆయనకు ప్రాణం. నాకూ అంతే, అబద్ధమెందుకు.

ఒకసారి పార్వతీపురం దగ్గర ఒక ఊరి బడిలో ప్రదర్శన పెట్టాం. వెనక వరసలోంచి సన్యాసమ్మ అనే నిండు గర్భిణి లేచింది.

"పొద్దోతే నాకేటీ అవుపడదు బాబూ. ఎందుకంటారు?"

"వెలుగు లేకపోతే ఎవరికి కనిపిస్తుందమ్మా? నాకూ కనిపించదు" అన్నాడు చిరంజీవిరావు.

గదంతా నవ్వింది. ఆమె తల దించుకుని కూర్చుంది. మసక వెలుతురులో చూపునిచ్చేది నా వెనకనున్న ఎర్రటి తెరే. ఆయన ఆ మాటన్నది ఆ తెర మీద వేలు పెట్టుకునే.

చీకటి పడుతుండగా నన్ను చంకన పెట్టుకుని వ్యాను వైపు నడుస్తున్నాడు. గేటు దగ్గర సన్యాసమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. నవ్విన ఆడవాళ్ళతో కలిసి వెళ్ళడానికి మొహం చెల్లక ఆగిపోయిందట. ఇంటికెళ్ళలేదేమని ఆయన అడిగాడు.

"మా ఆయనొచ్చి సెయ్యట్టుకుంటే గానీ నడవలేను బాబూ. మీకూ కనపడదన్నారు కదా, మరి ఈ సీకట్లో ఎలా ఎల్తన్నారు?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. చిరంజీవిరావు నన్ను నేలమీద దించి, ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"తప్పు చెప్పానమ్మా. ఇది రేచీకటి. మందుంది."

అంతలో వచ్చిన మొగుడు, పని తప్పించుకోవడానికి నాటకమాడుతోందని ఇన్నాళ్ళూ తిట్టానని గొణిగాడు. మర్నాడు ఇద్దర్నీ వ్యానులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎ విటమిను తక్కువైందని, కడుపుతో ఉన్నవాళ్ళకు ఇలా వస్తుంటుందని డాక్టరమ్మ చెప్పి మందిచ్చింది. ఆకుకూరలు, గుడ్లు తినమంది. కొన్నాళ్ళకు చూపు బాగుపడిందని బడి మాస్టారు ఫోన్ చేశాడు. ఆ కబురు చిరంజీవిరావు ఎవరికీ చెప్పుకోలేదు.

తర్వాత నా అంచులు పెచ్చులూడాయి. ఇప్పుడు గోదాములో అట్టపెట్టెల మధ్య పడి ఉన్నాను. కానీ ఇక్కడికి చేరకముందు ఆ ఊరు మళ్ళీ ఒకసారి ప్రదర్శన పెట్టడానికి వెళ్ళాం. సన్యాసమ్మ బిడ్డనెత్తుకుని వచ్చింది. చిరంజీవిరావు చటుక్కున గుర్తుపట్టాడు.

"ఏమైనా అడుగుతావా అమ్మా?" అన్నాడు, బతిమాలుతున్నట్టు.

"ఏటీ లేదు బాబూ" అని ఆమె నవ్వింది.

పక్కనున్న చిన్న వయసు ఆడమనిషి ఏదో అడగబోయి నోరు తెరిచింది. సన్యాసమ్మ చుట్టూ ఉన్న జనం వైపు ఓసారి చూసి, ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి లాగింది.