పెంట మీద పెట్టిన బిడ్డ

మా వదిన నీలమ్మకు ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. అప్పటికే ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆ జ్వరంతోనే పటేలు ఇంటికి వెట్టికి పోయి గడ్డిమోపులు మోసింది. నైజాం రాజ్యం నడుస్తున్న రోజులు, రానని చెప్పడానికి ఎవరికి నోరుంది?

పుట్టినవాడు మా అన్న వీరేశం అరచేతిలో ఇమిడిపోయాడు. సరిగ్గా ఏడవలేదు కూడా. అంతకుముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు కాబట్టి మా అమ్మ పోచమ్మ ఆలస్యం చేయలేదు. మృత్యువుకు ఈ బిడ్డంటే అసహ్యం పుట్టాలని, తెల్లవారగానే ఆ మంచులో వాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పెంటయ్య అని పేరు పెట్టి తెచ్చింది. వాడి ఒళ్లు నీలంగా మారింది. అయినా బతికాడు. మా ఊరు మాదాపూరంతా మా అమ్మను మెచ్చుకుంది.

రెండేళ్లు గడిచాయి. నైజాం రాజ్యం పోయింది, మా వెట్టి కూడా పోయింది. పెంటయ్యకు మాత్రం కూర్చోవడం కూడా రాలేదు. నిలబెడితే కాళ్లు కట్టెల్లా బిగుసుకుని ఒకదాని మీదికొకటి పోయేవి. తల్లిని చూస్తే చాలు, ముఖమంతా నవ్వే.

బండి కట్టుకుని పట్నం దవాఖానకు పోయాం. డాక్టరమ్మ వాడి కాళ్లు మెల్లగా విడదీసి చూసింది.

"నెలలు నిండక పుట్టిండు. మెదడుకు దెబ్బ తగిలింది. దీనికి మందు లేదమ్మా."

వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. "మోపులు మోసినందుకా? జ్వరానికా? పెంట మీది చలికా? జర నిజం చెప్పు తల్లీ."

"ఏదన్నా కావచ్చు. ఫలానా దానితోనే అని నేను చెప్పలేను."

నాకు ఒళ్లు మండింది. ఇంత చదువు చదివింది, తిట్టుకోవడానికైనా ఒక్కరిని చూపించకూడదా!

ఇంటికి రాగానే అమ్మ నెత్తి కొట్టుకుంది. "పానం అడిగిన గని కాళ్లు అడగకపోతి." కాసేపటికి తనే తేరుకుని, "నడుం దాంక మట్టిల పూడ్చి నిలబెడితె నడక వస్తదంటరు," అంది.

"డాక్టరమ్మ చెప్పింది ఇనలేదా?" అని అరిచాను.

వదిన గడ్డపార తీసుకుని, పెంటకుప్ప పక్కన తనే గుంత తవ్వింది. కొడుకును అందులోకి దించి మట్టి కప్పింది.

పెంటయ్య నిలబడ్డాడు. పుట్టాక మొదటిసారి నిటారుగా నిలబడి, మమ్మల్ని చూసి కేరింతలు కొట్టాడు. వదిన కూడా నవ్వింది. అంత నవ్వు నేనెప్పుడూ ఆమె ముఖంలో చూడలేదు.

పొద్దు వాలింది. చలి మొదలైంది.

"ఇగ తియ్యి వదినా," అన్నాను.

"తీస్తె పడ్తడు గదా," అంటూ వదిన వాడి నడుం చుట్టూ మట్టిని ఇంకా గట్టిగా అదిమింది.