గడప తగిలింది

మొగుని వీపు తుడిచేటప్పుడు జడను రవికె లోపలికి దోపుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. కుదుళ్ళతో సహా వెంట్రుకలు ఊడొచ్చినాక నాకే తెలిసింది. ఆయప్పను పక్కకు దొర్లించాలంటే నేను మీదికి వంగాల. వంగితే జడ ముందుకు జారుతుంది. అది చేతికి అందితే మణికట్టుకు చుట్టుకొని గుంజేవాడు, నా మొగం మంచం పట్టెకు కొట్టుకునేదాకా. ఒక రోజు నీళ్ళు వేడిగా ఉండాయని, ఒక రోజు చల్లగా ఉండాయని, ఒక రోజు ఏ కారణమూ లేకుండా. అంతా అయినాక నేను మళ్ళీ గుడ్డ తడిపి, పిండి, నడుం కింద పుండుకు మందు రాసేదాన్ని. పుండు చీము పడితే డాక్టరు అడిగేది నన్నే గదా.

నా మొగుడు మహేంద్ర లారీ డ్రైవరు. కౌతాళం పక్క పల్లెల నుంచి ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తోలేవాడు. ఒకసారి కాలువ వంతెన కాడ లోడుతోనే లారీ బోల్తా పడింది. నడుం విరిగి, రెండు కాళ్ళూ చచ్చుబడినాయి. ఎమ్మిగనూరులో మా యీది ఆడోళ్ళు ఆస్పత్రికి చూసేదానికి వచ్చి, నన్ను పక్కకు పిలిచి, పోనీలే జ్యోతీ, ఇంగ నీకు దెబ్బలన్నా తప్పినాయి అన్నారు. తప్పినాయనే నేనూ అనుకున్నాను. పెండ్లయిన కొత్తలో నా కడుపు ఒకసారి పండింది. రొట్టె మాడిందని ఆయప్ప తన్నిన తన్నుకు అది పోయింది, మళ్ళీ నిలబడలేదు. ఏ కాలితో తన్నినాడో ఆ కాలికే పొద్దున లేస్తూనే నేను నూనె రాసేదాన్ని. మోకాలు మడిచేదాన్ని, చాపేదాన్ని. చచ్చిన కాలు ఎంత బరువుంటుందో మోసినోళ్ళకే తెలుస్తుంది. మోసేటప్పుడు ఏం గుర్తొస్తుందో మాత్రం ఎవరూ అడగరు.

కర్నూలు డాక్టరు కాళ్ళు ఇంగ రావని, చేతులు బలపడాలని చెప్పినాడు. మంచం మీద దూలానికి తాడు కట్టించినాం. చెయ్యి దూర్చి పట్టుకునేదానికి తాడు కొసన ఉంగరం మాదిరి ముడి. పొద్దూమాపూ ఆ ముడి పట్టుకొని ఒళ్ళు పైకి లేపుకునేవాడు. చేతులు బాగా బలపడినాయి. లారీ తోలేటప్పుడు గూడ అంత బలం ఉండేది కాదు.

మా అత్త హులిగమ్మది మగ్గం బతుకు. గుంత మగ్గంలో కూర్చొని కూర్చొని మోకాళ్ళు పోయినాయి, చక్కెర రోగంతో చూపు మసకబారింది. వెనకటికి మహేంద్ర నన్ను కొట్టేటప్పుడు ఆయమ్మ అడ్డమొచ్చేది కాదు. పోయి తలుపేసేది, యీదోళ్ళకు ఇనబడకుండా. అంతా అయినాక చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందర పెట్టి, "మగోడు బయట ఎంత నలిగొచ్చినాడో. ఒగ దెబ్బ ఏస్తే మనమేం అరిగిపోతామా" అనేది. మా మామ లక్ష్మప్ప చచ్చేదాకా ఆయమ్మను కొట్టినాడట. అది గూడ ఆయమ్మ ఏదో పెండ్లికి పోయొచ్చిన సంగతి చెప్పినట్టు చెప్పేది. నాకు ఆయమ్మ మీద మొగుని మీదకన్నా ఎక్కువ కోపం. ఆయప్ప కొట్టింది మర్చిపోయిన రోజులుండాయి. తలుపు గడియ పడిన చప్పుడు ఒక్క రోజు గూడ మర్చిపోలేదు.

లారీ జీతం నిలిచిపోయినాక నేను బడిపిల్లల బట్టలు కుట్టే కాడ మిషను పనికి చేరినాను. పొద్దున ఆయప్ప పనులన్నీ చేసిపోతే మళ్ళీ సాయంత్రమే రావడం. పగలంతా మా అత్తే మంచం పక్కన ఉండేది. నీళ్ళందించడం, దొడ్డికి డబ్బా పెట్టడం, అన్నం పెట్టడం అన్నీ తడుముకుంటా చేసేది.

ఒక శనివారం ఆయమ్మకు తలకు పోస్తా ఉంటే చూసినాను. మోచేతి పైన నల్లగా నాలుగు వేళ్ళ గుర్తులు. భుజం మీద పంటిగాటు. వీపున పాతవి, పచ్చబారినవి. ఏమైందత్తా అంటే, "గడప తగిలింది" అనింది. ఆ గడప నాకు బాగా తెలుసు. ఎన్నో ఏండ్లు కొళాయి కాడ నేను చెప్పిందీ దాని పేరే. గడపకు పండ్లు ఉండవు గదత్తా అన్నాను. ఆయమ్మ సబ్బు నురగలో కండ్లు మూసుకొని కూర్చుండింది. నేను చెంబు పైకెత్తితే తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను పొయ్యబోయింది నీళ్ళే.

ఆ ఆదివారం ఆదోని నుంచి నా మరిది రామాంజిని, తోడికోడలు స్వాతిని పిలిపించినాను. ముందు ముందు ఎట్లా చేయాలో అందరం కూర్చొని మాట్లాడుకుందాం అన్నాను. పగటి పూట ఒక మగమనిషిని పెట్టుకుందాం, అత్త చేత కాదు, అత్తను కొన్నాళ్ళు మీ ఇంట్లో పెట్టుకోండి, మిగతాది నేను చూసుకుంటాను అని చెప్పినాను. రవికె పక్కకు జరిపి అత్త భుజం చూపించబోతే ఆయమ్మ కొంగు లాక్కుంది. రామాంజి నవ్వినాడు. ఇంట్లో ఇద్దరు ఆడోళ్ళుండంగ కూలిమనిషిని పెడితే నలుగురిలో ఏం బాగుంటుందన్నాడు. వాళ్ళిల్లు ఇరుకన్నాడు. స్వాతి నోరు తెరవబోయి మొగుని మొగం చూసి ఊరుకుంది. పోతా పోతా చెప్పులేసుకుంటా అన్నాడు: "కాళ్ళు ల్యానోడు ఎంత కొడతాడు లే వదినా."

ఎంత కొడతాడో ఆ వారంలోనే చూసినాను. పని కాడ కరెంటు పోయిందని మధ్యాన్నమే ఇంటికి పంపించినారు. తలుపు దగ్గరికేసి ఉంది. లోపల్నుంచి అరుపులేం లేవు, గిన్నె దొర్లిన చప్పుడు మాత్రం. తోసుకొని పోతే మా అత్త మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది. ఆయమ్మ మెడ తాడు ముడిలో ఉంది. ముడి పైన తాడును మహేంద్ర రెండు చేతులతో గుంజుతాండాడు. ఆయప్ప రొమ్ము మీద పప్పుచారు ఒలికింది, అదీ ఆయమ్మ చేసిన తప్పు. ఆయమ్మ మొగం నల్లబడింది. నోరు తెరిచే ఉంది గానీ అరవడం లేదు. ఊపిరాడక కాదేమో. యీదోళ్ళకు ఇనబడుతుందని.

నేను ఆయప్ప చేతుల మీద పడినాను. ఒక చెయ్యి విడిచి పక్కనున్న స్టీలు చెంబుతో నా మొగం మీద కొట్టినాడు. కనుబొమ చీలి రక్తం కంట్లోకి దిగింది. మళ్ళీ కొట్టినాడు. ఆ చేతుల ముందర నా బలం ఏం పని చేయదని తెలిసిపోయింది. మూలన నా కుట్టు మిషను ఉంది, దాని మీద కత్తెర. తెచ్చి తాడు కోసినాను. కొత్త తాడు, ఒక పట్టాన తెగలేదు. రంపం మాదిరి అటూ ఇటూ లాగి తెంపినాను. మా అత్త పక్కకు వాలిపోయింది. ఆయప్ప వెల్లకిలా పడినాడు. నేను కత్తెర పట్టుకొని మీద నిలబడినాను, నా రక్తం ఆయప్ప మొగం మీద చుక్కలుగా పడుతుండంగ.

ఆయప్ప రెండు మోచేతులూ మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఇన్నేండ్లు పెట్టుకున్నట్టే. పొడవాలనిపించింది. కత్తెర యీదిలోకి విసిరేసినాను. తలుపులు రెండూ బార్లా తెరిచి, పక్కింటి భాగ్యక్కను పిలిచినాను, యీది చివరిదాకా ఇనబడేటట్టు.

ఆస్పత్రిలో నా కనుబొమకు కుట్లు వేసినారు. రామాంజి అప్పటికి వచ్చినాడు. నర్సు మా అత్త మెడ మీది ఎర్రటి గాటు చూసి ఇదెట్లా అయిందని అడిగింది. మా అమ్మకు ఈ మధ్య చూపు లేదు, గడప తట్టుకొని పడింది అని రామాంజి అందుకున్నాడు. మా అత్త గొంతు బొంగురుపోయింది. అయినా చెప్పింది: "గడప గాదమ్మా. నా కొడుకు." కొంచెం సేపటికి, "అంతకు ముందు ఈళ్ళ నాయన" అనింది. రామాంజి తల పక్కకు తిప్పుకున్నాడు. నర్సు పోలీసు ఔట్‌పోస్టుకు చెబుతానని లేచింది. మా అత్త వద్దనలేదు.

ఇంటికొచ్చినాక నేను రామాంజికి అన్నీ చూపించినాను. ఎట్లా దొర్లించాలో, పుండు ఎట్లా కడగాలో, ఉచ్చ గొట్టం ఎట్లా మార్చాలో. చూపించి ఊరుకోకుండా వాని చేతనే చేయించినాను. వాడు రెండుసార్లు బయటికి పోయి కక్కొచ్చినాడు. నీళ్ళు తాగి మళ్ళీ రా అన్నాను. మహేంద్ర గోడ వైపు చూస్తా ఉన్నాడు. "నువ్వు పోతే మేమేం చేయాల వదినా" అని అడిగినాడు రామాంజి. వాని గొంతులో మొదటిసారి భయం వినబడింది. "నీకు మగమనిషి కావాలనిపిస్తే పెట్టుకో రామాంజీ. నేను ఇంగ ఈ మంచం దగ్గరికి రాను. అత్తను తీస్కపోతాండాను" అన్నాను. అమ్మను మా ఇంటికి తీసుకురా అని వాడు అనలేదు.

ఆలూరులో మా అక్క రామక్క ఒంటిగా ఉంది. రండి అనింది. ఒక సంచిలో నా చీరలు, ఒక సంచిలో అత్తవి. మిషను తర్వాత తెప్పించుకోవచ్చు. ఆదోనిలో బస్సు మారినాం. అత్తకు మెట్టు కనబడకపోతే నేను నడుం పట్టి ఎక్కించినాను. కిటికీ పక్కన కూర్చోబెట్టినాను. బయట పత్తి చేన్లు పోతా ఉన్నాయి. ఆయమ్మకు అవి తెల్లటి మసకగా కనబడతాయేమో. ఊరు దాటినాక వాడు తిన్నాడో లేదో అనింది.

నేను మా అత్తను క్షమించలేదు. ఆ మాట నాకు నేనే చెప్పుకుంటా ఉంటే, "నన్ను యాలమ్మీ తీస్కపోతాండావు" అని అడిగింది. ఆడ నిన్ను కొట్టేదానికి ఎవరూ ల్యారత్తా అన్నాను.

ఆయమ్మ నా వైపు తిరగకుండానే, మెల్లగా అనింది: "నువ్వుండావు గదా."

తమాషాకు అనలేదు. నిజంగానే భయపడి అనింది. ఒడిలో ఉన్న ఆయమ్మ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. ఆలూరు వచ్చేదాకా విడవలేదు. ఒక్కసారి గూడ గట్టిగా పట్టుకోలేదు.