గడ్డను ఎండబెట్టే మెషిన్

మెడ మీద ఆ జిగురు పూయగానే అలివేలుకు ఒళ్ళు జలదరించింది. పాచిపోయిన గంజిలా చల్లగా జారుతోంది. అయినా ఓర్చుకుంది. రంగుల స్కానింగు కర్నూలుకు కొత్తగా వచ్చిన రోజులవి. కిందటిసారి వచ్చినప్పుడు, గొంతు పక్కన గడ్డకు పోయే నెత్తురును ఈ మెషినే ఎండబెట్టేసిందని భర్త కురుమూర్తి చెప్పాడు. కత్తి లేదు, సూది లేదు. తమ ఊరు గద్వాలలో కనిపించినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పుకొని మురిసిపోయింది పిచ్చిది, జమ్ములమ్మ తల్లికి బోనం కూడా ఎత్తింది.

గడ్డ ఎండితేగా! ఈమధ్య ముద్ద దిగడం లేదు, గొంతు బొంగురుపోయింది. ఇంకొక్కసారి ఎండబెట్టించుకుంటే పోతుందని తనే పట్టుబట్టి మొగుణ్ణి బయలుదేరదీసింది. అతను దారిపొడుగునా మూతి ముడుచుకునే ఉన్నాడు.

తెర మీద ఎరుపూ నీలమూ మిణుకుమిణుకుమన్నాయి. డాక్టరమ్మ మొహం మారిపోయింది. ఇంకా ఎందుకు తీయించలేదని అడిగింది. ఏం తీయించాలో అలివేలుకు అర్థం కాక, ఈసారన్నా పూర్తిగా ఎండబెట్టమని బతిమాలింది.

"ఇది చూసే మెషినే అమ్మా, మందు కాదు. ఆ రంగులన్నీ గడ్డలో పారుతున్న రక్తం. అప్పటికన్నా ఎక్కువైంది. ఆపరేషన్ చేయించమని మీ ఆయనకు అప్పుడే చెప్పినాను కదా."

అలివేలు మొగుడి వైపు తిరిగింది. అతను గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు.

బయటికొచ్చాక అతను సంజాయిషీ మొదలుపెట్టాడు. తాము నేసే గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచు పట్టు. రెంటినీ కలిపి నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. పెళ్ళిళ్ళ కాలం, సావుకారి తొందరపెడుతున్నాడు, ఆమె మంచం పడితే మగ్గం ఆగిపోతుందని దాచానన్నాడు. ఆ మాట చెప్పడానికి సిగ్గయినా పడలేదు మహానుభావుడు. పైగా ఆమె మెడ మీద మిగిలిన జిగురు తుడవబోయాడు.

ఆ చెయ్యి తగలగానే ఆమె విదిలించేసింది. రోజూ గడ్డ తడిమి తగ్గిందని చెప్పిన చెయ్యి అదే. నమ్మించి గొంతు కోయడమంటే వినడమే గానీ, మగ్గం మీద పక్కన కూర్చొని నాడె విసురుతూ, నవ్వుతూ కోస్తారని ఆమెకు తెలియదు.

"ఇంక రెండే చీరలున్నయి. అవి మగ్గం దిగినంక తీపిద్దాం. బస్సుకు టైమైతుంది, పా," అన్నాడు.

"నువ్వు పో. నేను తీపిచ్చుకునే వస్త."

"మరి అంచెవరు నేస్తరు?"

అంతమంది నడిచే దారిలో అలివేలు అతని కాళ్ళ ముందు తుపుక్కున ఉమ్మేసింది. కొంగుతో మెడ తుడుచుకొని, తిరిగి డాక్టరమ్మ గదిలోకి నడిచింది.